గుట్ట మీద కట్టెల పొయ్యి

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లెమ్మ సుభద్రకు,

అన్నయ్య దీవించి రాస్తున్నది. ఒంట్లో నలతగా ఉందన్నావు, తగ్గిందా? బావగారి దగ్గు ఎలా ఉంది? పెద్దమ్మ కంటి చుక్కలు వేయించుకుంటోందా, సీసా తలగడ కింద దాచేస్తోందా? నేను బాగానే ఉన్నాను. గది బాగానే ఉంది, తిండి బాగానే ఉంది, పక్కగదిలో ఒడిశా కుర్రాళ్లు కూడా బాగానే ఉన్నారు. దిగులు పడకు.

అబ్బాయి పెళ్లికి వంట నేనే చెయ్యాలని నువ్వడిగి చాలా రోజులైంది. జవాబివ్వలేదని అలిగావని తెలుసు. ఫోన్లో చెబుదామంటే మాట పూర్తి చెయ్యనివ్వవు. కాగితమైతే మధ్యలో అడ్డురాదు.

మీసం మొలిచినప్పటి నుంచి పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర బతికినవాణ్ణి, మేనల్లుడి పెళ్లికి ఊఁ అనడానికి ఇంత ఆలస్యమెందుకంటావా? వస్తున్నాను, తొందరపెట్టకు.

ఇక్కడ పటాన్‌చెరులో మా మందుల ఫ్యాక్టరీలో నిప్పన్నది కనబడకూడదు. లోపల వాడే ద్రావకాలు అలాంటివి. ఒక్క అగ్గిపుల్ల గీస్తే మేమూ, మా గేటూ, గేటు ముందున్న చాయ్ బండీ కలిసి పైకి లేస్తాం. అందుకని క్యాంటీన్‌లో నేను చేసే వంట కూడా, ఆ చివరెక్కడో ఉన్న బాయిలర్ నుంచి వచ్చే ఆవిరితోనే. రెండు పొరల పెద్ద గిన్నె, దాని పక్కన ఒక వాల్వు. అటు తిప్పితే ఉడుకుతుంది, ఇటు తిప్పితే ఆగుతుంది. మాడదు, పొగ రాదు, కళ్లు మండవు. కిందటేడు వచ్చిన కొత్తలో మురిసిపోయాను. ఈ మధ్య మాత్రం కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటో పోవాలనిపిస్తుంది. మొన్న సెలవు రోజున ఊరికే బస్సెక్కి సంగారెడ్డి దాకా పోయి, స్టాండులో టీ తాగి, అదే బస్సులో తిరిగొచ్చాను. నా చెయ్యి పోయిందేమోనని భయం, చెల్లెమ్మా. మంట ముందు ఒకసారి నిలబడితే గానీ నీకు మాటివ్వలేననిపించింది.

గది ముందు కట్టెలు పెడితే ఇంటాయన ఊరుకోడు. అందుకని దోస్తులిద్దర్నీ గుట్ట ఎక్కుదామని లేవదీశాను. ఒకడు యాదగిరి, లక్డారం మనిషి, మా బాయిలర్ చూస్తాడు. రెండోవాడు నర్సింలు, గేటు దగ్గర సెక్యూరిటీ. లోపలికి పోయేవాళ్ల జేబులు తడిమి అగ్గిపెట్టెలూ బీడీలూ తీసి రేకు డబ్బాలో వేయించడం అతని పని.

ఆదివారం పొద్దున్నే క్యాంటీన్‌లో గిన్నెలు తీసుకుని ఆటోలో బయల్దేరాం. గుట్ట చూడ్డానికి చిన్నదే, ఎక్కితే తెలుస్తుంది. రాళ్ల మధ్య సీతాఫలం పొదలు, తంగేడు. యాదగిరి నెత్తిన గిన్నె, నర్సింలు చేతిలో కోడికూర సామాను, నా భుజం మీద బియ్యం. మోకాలు దారి పొడుగునా నన్ను తిట్టింది. పైకి చేరేసరికి ఒక పక్క పొగగొట్టాలు, ఇంకో పక్క అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లు తెల్లగా. మూడు రాళ్లు పేర్చాను, పుల్లలు దోపాను, చెయ్యి చాపాను.

"అగ్గిపెట్టె ఇవ్వు, యాదగిరీ."

"నా తాన ఏడిది మేస్త్రీ? బీడీ బంద్ జేసి ఏండ్లాయె. నర్సింలు తెచ్చిండనుకున్న."

"నేనేడ తెస్తనే? పొద్దున లేస్తే అందరి జేబులల్ల గుంజుకునేటోన్ని!" అని నర్సింలు నా వైపు తిరిగాడు. "గిన్నెల కోసం లోపలికి పోయినప్పుడు నీది డబ్బాల ఏస్తివి గదనే. వాపస్ తీస్కోలే?"

రెండు చేతులా గిన్నెలు పట్టుకుని బయటికొచ్చాను, ఇంకెక్కడ తీసుకుంటాను?

"అయితే గుర్తు చెయ్యొద్దటయ్యా?" అన్నాను.

"అగ్గిపెట్టెలు తీస్కపొమ్మని చెప్పుడు నా డ్యూటీ గాదు," అన్నాడు దర్జాగా. యాదగిరి పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పొయ్యి పక్కనున్న పెద్ద బండ చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

"జెర కూసో మేస్త్రీ, నిన్ను జూస్తె నాకు కండ్లు తిరుగుతున్నయి," అన్నాడు యాదగిరి.

ఎండ నడినెత్తికి వచ్చాక మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు.

"కాకా, అగ్గిపెట్టె ఉన్నదా?" నర్సింలు అరిచాడు.

"ఉన్నది గని బీడీలే లేవు బిడ్డా. మీ తాన ఉన్నయా?"

బీడీలు లేవు, భోజనం పెడతామన్నాం. కూర్చున్నాడు.

మంట లేచింది. మొదటి పొగ కళ్లల్లోకి పోయి నీళ్లొచ్చాయి. కడుపు నిండినట్టనిపించింది. కోడికూర కుదిరింది, అబద్ధమెందుకు చెప్పాలి. అన్నానికి ఎసరు పెట్టి బియ్యం పోసి, పాయసంలో ఉప్పు పోసిన పెళ్లి కథ మొదలెట్టాను, అదే, మగపెళ్లివారు మర్యాదకు మారు వడ్డించుకున్నారే, అది. కథ సగంలో ఉండగా మాడు వాసన వచ్చింది. గభాలున లేచాను. కట్టెలు లాగాలి కదా? నా చెయ్యి కట్టెల మీదికి పోలేదు చెల్లెమ్మా. వాల్వు కోసం గిన్నె పక్కకు పోయింది. వేళ్లు చురుక్కుమన్నాక గానీ అక్కడేమీ లేదని తెలియలేదు. కంగారు పడకు, పేస్టు రాశాను, తగ్గిపోయింది.

"మస్తుగున్నది మేస్త్రీ, గిట్ల మాడితెనే మజా," అని నర్సింలు మళ్లీ పెట్టించుకున్నాడు. యాదగిరి అడుగు మాడు కూడా గీకి తిన్నాడు. మేకలాయన ఒక్కడే, "కూర బాగున్నది, బువ్వ మాడింది," అని చెప్పి చెయ్యి కడుక్కున్నాడు. దిగేటప్పుడు దోస్తులు పొగుడుతూనే ఉన్నారు. నేను ఆయన మాటే నమ్మాను.

కాబట్టి నా జవాబు ఇది. పెళ్లికి పది రోజుల ముందే వస్తాను. పెరట్లో సరుగుడు కట్టెలు ఎండబెట్టి ఉంచు. రోజూ ఇంటిల్లిపాదికీ నేనే వండుతాను. అందరూ బాగుందంటారు, పెద్దమ్మ మరీను. వాళ్ల మాట నాకొద్దు. నీకు నచ్చకపోతే విస్తరి జరిపేస్తావు, ఆ బుద్ధి నీకు పుట్టుకతోనే ఉంది. ఆఖరి రోజున కూడా జరిపేస్తే వేరే మేస్త్రిని పిలిపించు, నేను వడ్డనలో నిలబడతాను, ఏమీ అనుకోను. ఆ సంగతి బావగారికి మాత్రం వేరేగా చెప్పు, నా మోకాలి మీదికి నెట్టెయ్యి.

పెద్దమ్మ కాళ్లకు నా దండాలు, నా కోసం ఓ మాట దేవుడికి చెప్పమను. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఆ పది రోజులూ పొయ్యి దగ్గరికి రాకు. తినడానికి రా.

ఇట్లు,
నీ అన్నయ్య
సూర్యం