ముట్టుకోకూడని ఫోల్డర్

జూన్ 3
ఇంటర్న్‌గా మొదటి రోజు. నాలుగో వారం రివ్యూ. ఉంచుకుంటారో పంపిస్తారో అప్పుడే చెబుతారు.
పక్క సీటు అక్క ఫ్రేమ్‌వర్క్ చూపించింది, వెబ్‌సైట్లు కట్టుకోవడానికి బయటివాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్ అది. పేజీ అంతా కాంపోనెంట్లేనట. బటన్ ఒకటి, క్యాలెండర్ ఒకటి. విడిభాగాలన్నమాట. ఎంత చక్కని పదం. ఇక్కడ రూల్స్ కన్నా ఆనవాయితీలు ఎక్కువట. మొదటిది, ఫ్రేమ్‌వర్క్ ఫోల్డర్‌లో వేలు పెట్టకూడదు. ఏది మార్చాలన్నా కాపీని మన ఫోల్డర్‌లోకి తెచ్చుకోవాలి. ఎందుకని అడిగాను. అద్దింట్లో మేకులు కొట్టకూడదమ్మాయ్, ఓనరు గోడే మార్చేస్తే మన ఫోటోలు నేల మీదుంటాయి అంది.

జూన్ 11
క్లినిక్ అపాయింట్‌మెంట్ పేజీ నాకిచ్చారు. డాక్టర్ గురువారాలు ఉండరు. క్యాలెండర్‌లో ఆ రోజులు మూసేయాలి.

జూన్ 14, సాయంత్రం 4:30
మూడు రోజులైంది. నా కాపీ పని చేయడం లేదు. ఎక్కడో ఒక మెట్టు తప్పుతున్నాను. అక్కను మళ్లీ అడగాలంటే నామోషీ. అయిదింటికి మా టీమ్ లీడ్ పేజీ చూస్తాడు.
అసలు ఫోల్డర్ తెరిచాను. అందులోకి ఎవరూ తొంగి చూడరు. రెండు లైన్లు అక్కడే మార్చేశాను. అంతే.

5:40
పిల్ల చురుకే, ఎవరి ట్రైనింగ్ అన్నాడు లీడ్. ఇంకెవరిది అని అక్క కాలర్ ఎగరేసింది. సోమవారం సరిచేస్తాను.

జూన్ 17
రేపు తప్పకుండా.

జూన్ 27, గురువారం, ఉదయం 10:00
సోమవారం అక్క ఫ్రేమ్‌వర్క్ అప్‌డేట్ చేసింది. ఫోల్డర్ మొత్తం కొత్తదైంది. నా రెండు లైన్లు పోయాయి, గురువారాలు మళ్లీ తెరుచుకున్నాయి.
తాళం వేసిన క్లినిక్ ముందు పదిహేడు మంది నిలబడ్డారట. ఒక పెద్దావిడ పరగడుపున రెండు బస్సులు మారి వచ్చిందట. మీ ఇళ్లల్లో ముసలివాళ్లు లేరా అని రిసెప్షనిస్టు ఫోన్‌లో లీడ్‌ని కడిగేసింది. లీడ్ అక్కను లోపలికి పిలిచాడు.

11:15
అక్కను క్లినిక్ పని నుంచి తీసేశారు. నాకిచ్చింది ఒక్క పేజీ, మిగతా క్లినిక్ పనంతా మొదటినుంచీ తనదే. వచ్చి గ్లాసెడు నీళ్లు తాగింది. నువ్వు బెంగపడకు, నీ కోడ్ బానే ఉంది, అప్‌డేట్‌లో నేనే ఏదో చెడగొట్టుంటాను అంది.
మూడింటికి నా రివ్యూ.

2:50
చెప్పాల్సింది రాసుకున్నాను. పదకొండు వాక్యాలు, అన్నీ అందమైనవే. కొట్టేయగా కొట్టేయగా ఒకటి మిగిలింది. అక్క కాదు, నేను.

జూన్ 28
క్లినిక్ పని అక్కకు తిరిగి ఇచ్చారు. నాకు పదిహేడు ఫోన్ నంబర్లు ఇచ్చారు. ఉంచుకుంటారో లేదో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.
మొదటి నంబరు రింగవుతోంది.