నెమలికంఠం రంగు సైకిలు

ఫిబ్రవరి 3

మిద్దె మీది రేకుల షెడ్డులోంచి సైకిలు దించాం. దించింది మా అబ్బాయి వంశీ. నేను పక్కన నిలబడి "మెల్లగా రా, మెల్లగా" అన్నాను, అంతే. గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి ఇంట్లో నా ఉద్యోగం అరవడం ఒక్కటే. అదీ గట్టిగా అరవకూడదట. అంగడి వంశీ చూసుకుంటున్నాడు.

గేర్ల సైకిలు. కొండదారికి పనికొచ్చే గుబ్బల టైర్లు. నేను డిగ్రీలో ఉన్నప్పుడు నాయన బెంగళూరు నుంచి తెప్పించాడు. హిందూపురంలో అప్పుడు అట్లాంటివి రెండో మూడో ఉండేవి. ఇప్పుడు టైర్లు వడియాల్లా విరుగుతున్నాయి. ఫ్రేము మాత్రం ఉక్కు... వేలితో కొట్టి చూశాను, ఖంగుమంది.

మా ఆవిడ పద్మ మెట్ల మీద నిలబడి, "రేపు పాత ఇనుము వాడొస్తాడు. వానికేనా దించింది?"

అవునన్నట్టు తల ఊపాను. అబద్ధం.

ఫిబ్రవరి 4

పాత ఇనుము వాడు వచ్చాడు. పంపేశాను. పద్మ వాడికి మజ్జిగ ఇచ్చింది. నాతో మాట్లాడలేదు.

ఫిబ్రవరి 7

అసలు సంగతి ఇక్కడైనా రాసుకోవాలి. ఈ సైకిలు మీద పెనుకొండ దాకా పోవాలి. ఒక్కడినే. ఇరవై ఏళ్ళప్పుడు పోయినట్టు తెల్లవారకముందే బయలుదేరి, కొండ కింద వేడివేడిగా దోసె తిని... తిరిగి రావడానికి రైలుంది, అంత మొండితనం లేదు.

ఆస్పత్రి నుంచి వచ్చాక వీధి చివరికి కూడా ఒంటరిగా పోలేదు. పక్కన వంశీ, లేకుంటే పద్మ. డాక్టరు పొమ్మనే అన్నాడు — నడవండి, సైకిలు తొక్కండి, కొంచెం కొంచెంగా పెంచుకోండి. పద్మ అప్పుడు పక్క కుర్చీలోనే ఉంది. ఆ మాట ఒక్కటి వినపడలేదు ఆమెకు. మాత్రల సంగతి మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

ఫిబ్రవరి 9

సీటు పైపు ఊడి రావడం లేదు. ఫ్రేములో తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోశాను. కొబ్బరినూనె పోశాను. సైకిలు అంగడి బాషా చూసి, "ఏమప్పా శెట్టీ, దీనికి గూడ తలంటు పోస్తాండావా?"

చక్రాలు వాడికి ఇచ్చాను. రిమ్ముల వంకర తీసి, కొత్త టైర్లు వేసి, హబ్బుల్లో గుండ్లు మారుస్తానన్నాడు. వారంలో ఇస్తానన్నాడు. బాషా వారం అంటే మనం అమావాస్యలు లెక్కపెట్టుకోవడమే.

ఫిబ్రవరి 10

వచ్చింది!

బాషా, వంశీ చెరో పక్క పట్టుకుని తిప్పారు. పైపు కీచుమని అరిచింది చూడు, పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. పద్మ వంటింట్లోంచి గరిటతో పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసింది, నా ఛాతీ చూసింది. సైకిలును చూడనే లేదు. గరిటలో సాంబారు వరండా పొడుగునా కారింది.

ఫిబ్రవరి 14

ఉప్పుకాగితంతో రుద్దడం. ఎరుపు కింద తెలుపు, తెలుపు కింద తుప్పు. భుజం నొప్పి పుట్టింది. మంచి నొప్పి... ఛాతీది కాదు. ఆగి రెండుసార్లు చూసుకున్నాను.

సాయంత్రానికి ఫ్రేము బూడిదరంగులో తళతళ. ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో. అన్నం రెండోసారి వడ్డించుకోబోతే పద్మ గిన్నె పక్కకు జరిపింది.

ఫిబ్రవరి 18

ప్రైమరు పూశాను. ఆరింది. పాత ఎరుపే మళ్ళీ వేద్దామని డబ్బా తెప్పించాను.

పద్మ చీపురు పట్టుకుని అటే పోతూ ఆగింది. "ఎరుపా? ఏం, మంటలార్పేకి పోతాండారా?"

ధర్మవరంలో పుట్టి, పట్టుకు రంగులద్దే ఇంట్లో పెరిగిన మనిషి ముందు రంగు డబ్బా తెరవడం నాదే తప్పు. నెమలికంఠం రంగయితే బాగుంటుందట. అంచు మెంతిరంగు. సైకిలుకు అంచేమిటే అంటే, "అంచు లేకుండా చీర ఉంటాదా?" అంది. పైపులు కలిసే చోటల్లా మెంతిరంగు రావాలట. సరే అన్నాను. పద్నాలుగు రోజులుగా మొహం మాడ్చుకున్న మనిషి తనంతట తాను మాట్లాడింది, దానికోసం చిలకపచ్చయినా పూసుకుంటాను.

ఫిబ్రవరి 20

నీలం, పచ్చ, చిటికెడు నలుపు. పద్మ కొంగు దోపుకుని కూర్చుని కలిపింది. పుల్లతో తీసి కాగితం మీద గీస్తుంది, తల వంచి చూస్తుంది, ఇంకొంచెం నలుపు. నాకు ముందే బాగుందనిపించింది. అన్నాను కూడా.

"మీకు తెల్దు. ఆరితే తేలిపోతాది. ఇంకా ముదురు పడల్ల."

పట్టు అంతేనట. రంగులో ముంచి తీసినప్పుడు ముదురుగా కనిపిస్తుంది, ఎండలో ఆరాక ఒక చాయ తగ్గుతుంది. అందుకని వాళ్ళ నాయన ఎప్పుడూ ఒక చాయ ఎక్కువే వేసేవాడట. వాళ్ళింటి విద్య. నోరు మూసుకుని బ్రష్షు పట్టుకున్నాను.

ఫిబ్రవరి 21

ఆరింది. తేలలేదు.

అమావాస్య రాత్రి బర్రె నిలబడినట్టుంది సైకిలు. నేను నవ్వడం మొదలుపెట్టాను... ఆపలేకపోయాను. కళ్ళ నీళ్ళొచ్చాయి. ఆస్పత్రి తర్వాత ఇదే మొదటి నవ్వేమో. పద్మ ధర్మవరంలో ఉన్న తమ్ముడికి ఫోను కొట్టింది. నాగరాజు అటు నుంచి, "అక్కా, అది పెయింటు, పట్టు గాదు! తడిలో ఎట్ల ఉంటే ఆరినాక అట్లనే ఉంటాది" అనడం నాకూ వినపడింది.

పద్మ నవ్వలేదు. "నా రంగు కుదిరేదాకా ఇది గేటు దాటేది లేదు" అంది. పౌరుషం! నాకు భలే ముచ్చటేసింది.

ఫిబ్రవరి 25

మళ్ళీ ఉప్పుకాగితం. ఈసారి ఇద్దరం. ఆమె హ్యాండిలు వైపు, నేను సీటు వైపు. మధ్యాహ్నం వరండాలో కాళ్ళు చాపుకుని, వాళ్ళ నాయన గురించి, పట్టు ముంచే రంగు గాబుల గురించి చెప్పింది. చిన్నప్పుడు మోచేతుల దాకా రంగులతోనే బడికి పోయేదట. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకు తెలియదు.

ఫిబ్రవరి 27

రెండోసారి పూత. రంగు కుదిరింది. అచ్చం నెమలి మెడే. పద్మ మాత్రం బ్రష్షు గీతలు కనిపిస్తున్నాయంది.

మళ్ళీ రుద్దాలట.

మార్చి 3

మూడో పూత. బాషా చక్రాలు తెచ్చాడు (ఆశ్చర్యం!). తిప్పితే గాలిలో తిరుగుతూనే ఉన్నాయి. బాషా సైకిలు చుట్టూ తిరిగి చూసి, "పెండ్లికూతురప్పా ఇది!" అన్నాడు. పద్మ ముఖం వెలిగింది. ఆ వెంటనే వంగి చూసి, "ఈడ దుమ్ము పడిండాది. ఇంకోసారి వెయ్యల్ల" అంది.

యాడ పడింది? నాకు కనపడలేదు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

మార్చి 6

నాలుగో పూత. ఎండ బాగుంది, సాయంత్రానికి ఆరిపోవాలి.

మార్చి 7

పై పైపు మీద వేలిముద్ర. నిండుగా, బొటనవేలిది. ఆరని పూతలో నొక్కింది.

వంశీ అంగడిలోనే ఉన్నాడు నిన్నంతా. నేను ముట్టుకోలేదు. అనుమానం వచ్చింది, అయినా రెండు గంటలు అడగలేదు. వంటింట్లోకి పోయాను. చింతపండు పిసుకుతోంది.

"పద్మా, ఆ వేలు నీదేనా?"

"నాదే."

"తెలిసే పెట్టినావా?"

చింతపండు పిసకడం ఆపలేదు. "ఆరితే ఎక్కుతారు గదా."

దుమ్మూ లేదు, బ్రష్షు గీతలూ లేవు. మొదటి పూత నల్లబడింది పొరపాటే, తర్వాతవన్నీ తెలిసి చేసినవి. రంగు పచ్చిగా ఉన్నన్నాళ్ళు నేను ఇంట్లోనే ఉంటాను. ఎంత తెలివి! కోపం రావాలి. రాలేదు.

కాసేపటికి తనే అంది. నేను అంగడిలో పడిపోయానని ఫోను వచ్చినప్పుడు తను ధర్మవరంలో పెళ్ళిలో ఉంది. "రైలెక్కితే పెనుకొండ వచ్చింది, పెనుకొండ దాటింది, హిందూపురం రాలే. ప్రాణంతో ఉండారో లేదో ఎవరూ చెప్పలే. ఆ దారి ఎంత పొడుగో మీకు తెల్దు. మీరు మళ్ళీ దాని మీదికే ఒక్కరే పోతానంటాండారు."

పెనుకొండ మాట నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు. ఎలా తెలుసో అడగలేదు. నిద్రలో అన్నానేమో.

ఆ రోజు గురించి నాకు నా ఛాతీ సంగతి ఒక్కటే తెలుసు. ఆమె రైలు సంగతి ఈ రోజే విన్నాను. నాకు చాలా బాధగా ఉంది.

మార్చి 8

పోనీలే, సైకిలు నాగరాజుకు ఇచ్చేద్దాం అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.



మార్చి 10

పొద్దున లేచేసరికి పద్మ వరండాలో కూర్చుని పైపుల కలయికల దగ్గర మెంతిరంగు వేస్తోంది. సన్న బ్రష్షు, ఊపిరి బిగబట్టి. వేలిముద్ర మీద రంగు వేయకుండా వదిలేసింది. నేను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. అడిగినప్పుడల్లా డబ్బా అందించాను.

మార్చి 12

ఆరింది.

బాషా వచ్చి చైను, గేర్లు, బ్రేకు వైర్లు బిగించాడు. నా చేతికి స్పానరు ఇచ్చాడు, పెడళ్ళు నేనే బిగించాను. సాయంత్రం వీధిలో తొక్కాను. పద్మ వెనక నుంచి సీటు పట్టుకుని నడిచింది. పట్టుకుందంటే పట్టుకుంది, కదలనిస్తే కదా. ఎదురింటి ఆమె చూసి నవ్వుతోంది. నాకేమీ సిగ్గనిపించలేదు. గాలి మొహానికి కొట్టింది... ఎంత హాయి!

మార్చి 14

ఈరోజు పద్మ సీటు వదిలేసింది. మలుపు దాకా వెనకే వచ్చి, అక్కడ ఆగింది. రేపు ఊరి పక్కనే ఉన్న కొట్నూరు దాకా పోయి వస్తానన్నాను. ఒక్కడినే. పెనుకొండ కాదు, కొట్నూరే. విననట్టు లోపలికి పోయింది.

మార్చి 15

తెల్లవారింది. బూట్లు వేసుకుని వరండా మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. ఫోను జేబులో, మాత్ర ఇంకో జేబులో. గేటుకు తాళం వేసే ఉంది. తాళంచెవి పద్మ దగ్గర.

కాఫీ తెచ్చింది. ఇచ్చి పోలేదు, పక్కనే కూర్చుంది.

"నిజం చెప్పండి. భయంగా ఉండాదా?"

డాక్టరుకు, వంశీకి, బాషాకు, అందరికీ ఇన్నాళ్ళుగా ఒకటే చెప్తున్నాను, నాకేం భయం అని.

"ఉండాది" అన్నాను.

పద్మ లేచి గేటు దగ్గరికి పోయింది. తాళం తీసింది, చెవి చేతిలోనే ఉంది. అక్కడే నిలబడి ఉంది... ఇటు తిరగడం లేదు.