ఎదురుగాలిలో మూడు వందల కిలోమీటర్లు

అత్తయ్యా,

మేమిద్దరం క్షేమంగా చేరాం, ముందు ఆ బెంగ వదిలేయండి. ఇక్కడ ఫోన్లు పనిచేయడం లేదు, అందుకే ఈ కార్డు.

మీ మారుమూల ఎయిర్‌పోర్టు నుంచి మా మారుమూల ఎయిర్‌పోర్టుకు గంటంబావు అని మీకు చెప్పి ఎక్కామా, రెండు గంటలు పట్టింది. గుమ్మంలో "దీన్ని నేను చూసుకుంటాలే అమ్మా" అన్న మీ అబ్బాయి, ఆ చిన్న విమానం ఊగగానే కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టేసుకున్నారు. "ఇంకా ఎంత దూరమండీ?" అని ఒకటే అడగడం. పైలటమ్మకు విసుగొచ్చి, "మొత్తం మూడు వందల కిలోమీటర్లే సార్! గాలి ఎదురొస్తుంటే నేనేం చెయ్యను?" అంది. కడుపులో బిడ్డతో నేనే ఆయన వీపు నిమురుతూ కూర్చున్నాను. తీరా దిగాక, "నువ్వు భయపడతావని పట్టుకున్నా" అన్నారు!

నా కళ్లజోడు మీ కిటికీలో మరిచిపోయాను, తీసి దాచండి. మామయ్యగారు మోకాలికి మందు రాసుకుంటున్నారా, మొండికేస్తున్నారా? వారికి నా నమస్కారాలు.

రెండు నెలల్లో కాన్పు. "అమ్మను రమ్మనకు, విమానమంటే హడలిపోతుంది" అంటున్నారు మీ అబ్బాయి. ఆయనకు చెప్పకుండా రాస్తున్నాను. మా అమ్మ పోయాక, భయమేస్తే పిలుచుకోవడానికి నాకు మీరే ఉన్నారు. నాకు భయంగా ఉంది అత్తయ్యా. రండి.

మీ కోడలు