అత్తయ్య చేతి మాత్ర

బిలాస్‌పూర్,
మంగళవారం

మా అప్పకి,

నీ చెల్లెలు ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని ఇది రాస్తోంది. ఫోను ఉండగా ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో చెబితే మంచం మీదున్న మా అత్తయ్య వింటుంది. ఉత్తరమైతే ఆ భయం లేదు, ఆవిడ కళ్ళజోడు ఇంట్లోనే ఉంది. తెమ్మని ఆవిడ రోజూ అడుగుతోంది, నేను రోజూ మరిచిపోతున్నాను.

ముందు నీ కంగారు తీరే మాట చెబుతాను. అత్తయ్యకు జ్వరం దిగింది. పోయిన వారం మంచం ఊగిపోయేలా చలితో వణికి, మాట తడబడి, నన్ను పట్టుకుని ఎప్పుడో పోయిన వాళ్ళమ్మ అనుకుని పిలిచింది. మూత్రంలో చీము పట్టింది. ఇంట్లో ఉన్న మాత్రలు వేశాం, మందుల షాపువాడు ఇచ్చినవీ వేశాం, దేనికీ లొంగలేదు. చివరికి ఆటోలో వేసుకుని అర్పా వంతెన దాటించి సర్కండాలో ఈ ఆసుపత్రికి తెచ్చాం. డాక్టరు ఝాన్సీ అని మన తెలుగు అమ్మాయే. మూత్రం పరీక్షకు పంపి, అందులోని క్రిమి ఏ మందుకు చస్తుందో చూపించింది. నోటితో మింగే మందుల్లో ఒక్కటీ పనిచేయదట. నరానికి ఎక్కించే ఇంజెక్షనుతోనే మనిషి మళ్ళీ మనిషైంది.

అసలు సంగతికి వస్తాను. మా అత్తయ్య ఎలాంటిదో నీకు తెలుసు. తార్‌బహార్‌లో మా రైల్వే క్వార్టర్ల లైనులో ఏ ఆడదానికి కష్టమొచ్చినా ముందు తట్టేది అచ్చియమ్మ తలుపే. పురుడొస్తే ఆవిడ ఉండాలి. ఎవరి మొగుడైనా తాగొచ్చి చెయ్యెత్తితే, ఆ చెయ్యి దించడానికీ ఆవిడే ఉండాలి. ఇక మూత్రం మంటైతే మరీను. ఆ మాట ఇంట్లో చెప్పుకోలేక, మగ డాక్టరుకు చూపించుకోలేక పెరటి వైపు వచ్చి నిలబడతారు. అత్తయ్య ఒక్క ప్రశ్న అడగదు, ముఖం చూసి, ఎవరికో డాక్టరు రాయగా మిగిలిన మాత్రలు చేతిలో పెడుతుంది. మంట తగ్గగానే మిగిలినవి తెచ్చి ఆవిడకు ఇచ్చేయడం మా లైనులో మర్యాద. బదులు తెచ్చుకున్న పంచదార తిరిగి ఇచ్చేస్తాం చూడు, అలాగన్నమాట. ఇంకొకరికి పనికొస్తాయి కదా. అన్నీ తనే మింగేస్తే ఆ మనిషికి దయలేదంటారు. ఎన్నో ఏళ్ళుగా ఇలాగే నడిచింది. ఇందులో నాకెప్పుడూ అత్తయ్య మంచితనమే కనిపించింది.

ఇంట్లో ఏ మందులు వాడారని డాక్టరు నన్ను బయటికి పిలిచి అడిగితే ఇదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. సగం మాత్రలు మింగితే నీరసంగా ఉన్న క్రిములు చస్తాయట, మొండివి మిగిలిపోతాయట. మంట తగ్గిందని మనం ఆపేసరికి ఆ మొండివే మళ్ళీ పెరుగుతాయి, వాటికి ఆ మందంటే ఇక లెక్క ఉండదు. అంతా విప్పి చెప్పి, మీ లైనులో ఇప్పుడు ఇంకెవరైనా బాధపడుతున్నారా అని అడిగింది. నాకు పక్కింటి పిల్ల గుర్తొచ్చింది.

మా పక్క క్వార్టరులో స్వాతి ఉంది. రైలింజను మీద పనిచేసే గిరిబాబు పెళ్ళాం. తొలిచూలు, ఏడో నెల. అత్తయ్య మాత్రలతో మంట తగ్గుతోంది, కొన్నాళ్ళకు మళ్ళీ వస్తోంది, మళ్ళీ అవే మింగుతోంది. కడుపుతో ఉన్నవాళ్ళకు అది మూత్రపిండాలకు పాకితే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చని డాక్టరు చెప్పింది. నిన్న ఇంటికి పోయి పరీక్షకు రమ్మని ఆ పిల్లను బతిమాలాను. దాదీ ఇచ్చిన గోలీతో ఆరామ్‌గానే ఉంది కదా ఆంటీ అని నవ్వేసింది. అత్తయ్యను దాదీ అంటుంది, ఆ దాదీ చెబితే తప్ప కదలదు.

దాదీ చేత చెప్పించాలంటే ముందు దాదీకి చెప్పాలి. మీ చేతి మాత్రే ఆ పిల్ల మీదికి తెచ్చిందని ఏ నోటితో చెప్పమంటావు? మా ఆయనను అడిగితే, "ఇప్పుడే లేచి కూకున్నాది. ఈ మాటింటే అమ్మ మరి బతకదు. నువ్వు నోరెత్తకు" అన్నారు. నేనూ అదే నిర్ణయించుకున్నాను అప్పా. ఆవిడ ఒంట్లో కాస్త సత్తువ చేరేదాకా ఒక్క ముక్క కూడా చెప్పను. స్వాతికి ఈలోగా ఏదో ఒక వంక చెప్పి తీసుకొస్తాను. ఆ వంకేమిటో ఇంకా తోచలేదు. ఇదిగో అత్తయ్య లేచింది, ఎవరికే అంత రాత అంటోంది.

నీ
కనకం

బిలాస్‌పూర్,
శనివారం

అప్పా,

నువ్వు జవాబు రాసేలోగానే ఇది నీకు అందుతుందేమో. నా నిర్ణయం ఒక్క రోజు కూడా నిలవలేదు మరి.

బుధవారం పొద్దున్న డాక్టరు మంచం దగ్గరికి రాగానే అత్తయ్య సూటిగా అడిగింది. "అందరికీ పన్చేసిన మందు నాకెందుకు పన్చెయ్యనేదమ్మా?" డాక్టరు నా వైపు చూసింది. వద్దని తల ఊపాను. ఆ అమ్మాయికి అబద్ధం చేతకాదు, ఉన్నదున్నట్టు మెత్తగా చెప్పేసింది. అయితే దానితోపాటు ఇంకో మాటా చెప్పింది. పోయినేడు తుంటి విరిగి వేరే ఆసుపత్రిలో ఉన్నప్పుడు అత్తయ్యకు మూత్రానికి గొట్టం పెట్టి, అవసరం తీరాక కూడా తీయకుండా వదిలేశారు. అలాంటి గొట్టాల వెంట ఆసుపత్రుల్లోని మొండి క్రిములు లోపలికి ఎక్కుతాయట. తప్పు మా డాక్టర్ల వైపూ ఉంది, మీ క్రిమి ఇంట్లోదో ఆసుపత్రిదో నేను తేల్చి చెప్పలేను మామ్మగారూ అంది. ఒక డాక్టరు అలా ఒప్పుకోవడం నేనింతవరకు వినలేదు. ఆ పిల్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

నాకైతే పోయిన ప్రాణం లేచొచ్చింది. చూశారా అత్తయ్యా, అంతా ఆ గొట్టం వల్లే, మీ మాత్రలదేమీ లేదు అని గబగబా అనేశాను. అత్తయ్య పైట కొంగు వేలికి చుట్టుకుంది.

"నాకంటే గొట్టమెట్టినారే. మరి స్వాతికెవులెట్టినారు?"

నేను స్వాతి పేరే ఎత్తలేదప్పా, మళ్ళీ మళ్ళీ మాత్రలిచ్చిన మనిషికి ఎవరు చెప్పాలి? తప్పించుకోవడానికి డాక్టరే దారి చూపించింది, నేను చెయ్యి పట్టుకుని లాగాను కూడా. ఆవిడ ఆ దారిన ఒక్క అడుగు వేయలేదు.

అప్పటికప్పుడు నా చేత స్వాతికి ఫోను చేయించింది. భయపెట్టలేదు, బతిమాలలేదు. "నానిచ్చిన మాత్ర మరి మింగకు. ఆటో ఎక్కి వొచ్చీ. నీ పక్కన నానుంటాను" అంది, అంతే. స్వాతి గంట తిరక్కుండా వచ్చింది. వచ్చేసరికే ఒళ్ళు కాలిపోతోంది, నడుం పట్టుకుని ఉంది. ఇంకో పూట చూసి వద్దామనుకుందట. వెంటనే చేర్చుకుని, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, కడుపుతో ఉన్నవాళ్ళకు పనికొచ్చే ఇంజెక్షను మొదలుపెట్టారు. ఫలితం నిన్న వచ్చింది. మాత్రలకు లొంగని రకమే, ఆ ఇంజెక్షనుకు మాత్రం లొంగింది. ఇప్పుడు జ్వరం లేదు, బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది. నేను అనుకున్నట్టే ఆగి ఉంటే ఏమయ్యేదో.

నిన్న సాయంత్రం చూడ్డానికి మా లైనులోని ఆడవాళ్ళంతా వచ్చారు. గిరిబాబు డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, మా ఆయన గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళలో చిన్నతల్లి అత్తయ్య కాళ్ళు ఒత్తుతూ ఎవరి దిష్టో తగిలిందంది. అత్తయ్య కాళ్ళు వెనక్కి తీసుకుని లేచి కూర్చుంది. ఎవరి దిష్టీ కాదని, జరిగిందంతా మొదటి నుంచి చెప్పింది. పెరట్లో గుసగుసగా కూడా పలకని మాటలు మగవాళ్ళ ముందు పేరు పెట్టి పలికింది. సగం మింగి సగం తిరిగివ్వడం మర్యాద కాదని, డాక్టరు ఎన్నాళ్ళు మింగమంటే అన్నాళ్ళూ మింగాలని, ఒకరికి రాసిన మందు ఇంకొకరికి ఇవ్వకూడదని చెప్పింది. మంటుంటే ఇకముందు కూడా తన దగ్గరికే రమ్మంది, డాక్టరు దగ్గరికి తోడు వస్తానంది. తర్వాత పక్క మంచం మీదున్న స్వాతి వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. "తప్పు నాది తల్లీ. మంచి సేస్తన్నాననుకున్నాను."

స్వాతి ఆ చేతులు పట్టుకుని "ఐసా మత్ బోలో దాదీ", అలా అనొద్దంటూ ఏడ్చింది. మా ఆయన తల వంచుకున్నారు. అత్తయ్య పరువు నేను కాపాడుతున్నాననుకున్నాను చూడు, నా తెలివి తెల్లారినట్టే ఉంది. అందరి ముందూ ఆవిడే దాన్ని తీసి పక్కన పెట్టేస్తే, నాకు ఆవిడ మునుపటికంటే పెద్దదిగా కనిపించింది. ఇలాంటి మనిషి ఇంట్లో కోడలిగా ఉన్నందుకు గర్వంగా ఉందప్పా, ఇంకోలా రాయడం నాకు రాదు.

నా భయమంతా గిరిబాబు గురించే. వాడికి కోపమొస్తే లైనంతా వినిపిస్తుంది. ముందు స్వాతి కప్పుకున్న దుప్పటి సర్దాడు. తర్వాత అత్తయ్య దగ్గరికి వచ్చాడు.

"అచ్ఛా మామ్మా, రేపు నాను బండి మీద బయటికెల్పోవాల. ఎప్పుడొస్తానో తెలీదు. స్వాతి దగ్గర నువ్వుంటావా?"

జ్వరంలో ఏడవని మనిషి, డాక్టరు అంత మాట చెప్పినా ఏడవని మనిషి, అప్పుడు కొంగు మొహాన కప్పుకుని ఏడ్చింది. ఈ రోజు ఆవిడను ఇంటికి తీసుకెళ్ళవచ్చన్నారు. ఆటో పిలవబోతే నన్నొక్కదాన్నే ఎక్కమంది.

నీ
కనకం