జడల నూనెకు కట్టిన జోలపాట

నూజివీడు,
12-5-1948

చిరంజీవి పున్నారావుకు,

అక్క సుభద్ర దీవించి రాయడమేమంటే, ఇక్కడ మేమంతా కులాసా. మద్రాసు నీళ్లు నీ వంటికి పడ్డాయో లేదో రాయి. ఆవకాయ పెట్టడానికి అమ్మ ముసునూరు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. నాన్నగారు తోట వదిలి రానన్నారు.

మామిడి కాపు ఎలా ఉందని అడిగావు. గాలివానకు పిందె కొంత రాలినా చిన్న రసాలు బాగానే నిలిచాయి. మీ బావగారు గంపలు కట్టించి బెజవాడ పంపుతున్నారు. ఇక నీ రెండో ప్రశ్న. గ్రామఫోను కంపెనీలో నువ్వు కట్టిన వరస ప్లేటుగా వచ్చిందనీ, మా ఊళ్లో వినిపించిందా అనీ అడిగావు. వినిపించింది నాయనా. చెవులు మూసుకున్నా వినిపించింది.

మొన్న సోమవారం మా బజారులోకి ఒంటెద్దు బండి ఒకటి వచ్చింది. బండి మీద గ్రామఫోను, దానికి ఉమ్మెత్తపువ్వు లాంటి గొట్టం, చుట్టూ జడల నూనె సీసాలు. అది రాస్తే జుట్టు మోకాళ్లు దాటుతుందట, తలనొప్పి పోతుందట, మరిచిపోయిన పాఠాలు గుర్తొస్తాయట. అమ్మే కోటేశ్వరరావు నెత్తి మీద మాత్రం ఒక్క వెంట్రుక లేదు. అదేంటండీ అని అడిగితే, "నేను అమ్మేవాణ్ణమ్మా, రాసుకునేవాణ్ణి కాదు" అన్నాడు. సీసా మీది బొమ్మలో ఒకావిడ రైలుపెట్టెను జడతో లాగుతోంది. ఏ ఆడదానికి ఆ అవసరం వస్తుందో నువ్వే చెప్పు. సరుకు అమ్ముకోవడానికి పళ్లపొడి వాళ్లు విరహగీతం పాడిస్తారు, టీ పొట్లాల వాళ్లు భజన కడతారు. పళ్లు తోముకోవడానికి ప్రియుడు ఎందుకు రావాలి?

అంతవరకు నవ్వుకున్నాను. అప్పుడు ప్లేటు తిరిగింది. "పూసుకోవే భామినీ, జడలు బారెడొచ్చునే" అంటూ ఎవరో అమ్మాయి ముక్కుతో పాడుతూ మధ్యమధ్య కిలకిలా నవ్వింది. వరస వినగానే గుర్తుపట్టాను. "పండుకోవే శారదా, పండు చిలక తెచ్చునే." మన చెల్లెలికి అమ్మ కట్టిన జోల. అమ్మవారు పోసి శారద పోయాక ఆ పాట మళ్లీ అమ్మ నోట రాలేదు. అది నువ్వు కట్టిన వరస ఎలా అయిందిరా? నూనె సీసాకు తగిలించడానికి నీకు మనసెలా ఒప్పింది? ఆ నవ్వు ఎక్కడ రావాలో కూడా నువ్వే చెప్పావా?

నీకు రాయకూడదనుకున్న సంగతి కూడా రాస్తున్నాను. నేను బండెక్కి, ఆ ప్లేటు లాగి నేలకేసి కొట్టాను. బజారంతా చూసింది. "ఇదేంటమ్మగారూ, నా పొట్ట మీద కొట్టారు" అన్నాడు కోటేశ్వరరావు. అతని మొహం చూస్తే జాలేసింది గాని కోపం తగ్గలేదు. మీ బావగారు పరుగున వచ్చి అతనికి సర్దిచెప్పి, నన్ను ఇంటికి తీసుకొచ్చారు.

అమ్మకు ఇదేమీ తెలియకపోతే బాగుండుననుకున్నాను. కానీ ఆవపిండి అంటిన చేతులతో వీధి గుమ్మంలో నిలబడి ఉంది.

"పాట ఆగిందేంటే?" అంది.

"ప్లేటు పగలగొట్టానమ్మా. మన శారద పాట బజారులో పెట్టి నూనె అమ్ముకుంటున్నారు."

అమ్మ చేతుల పిండి కొంగుకు తుడుచుకుంది. తర్వాత మెల్లిగా, "దాని పేరు తీసేశారు, విన్నాను. వరస అదేనే. రెండో చరణం నేను మరిచిపోయాను సుభద్రా. ఎన్నేళ్లుగా గుర్తు చేసుకున్నా రావడం లేదు. ఇవాళ ఆ వరస వింటుంటే నోటిదాకా వచ్చింది. నువ్వు ఆపేశావు" అంది.

కోపమంతా నీ మీద పెట్టుకుని, అమ్మ దగ్గర దోషిలా నిలబడ్డాను.

నీ మీద కోపం ఇప్పటికీ పోలేదు. అయినా ఆ ప్లేటు ఇంకొకటి కొని పంపు. నవ్వు వచ్చిన చోట ఏం చేయాలో మేం చూసుకుంటాం. రెండో చరణానికి అమ్మ కట్టిన మాటలు నీకు గుర్తుంటే ముందు అవి రాసి పంపు. నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. అమ్మ పచ్చడి కలపడం ఆపి ఇప్పటికే రెండుసార్లు అడిగింది, ఆ సంగతి రాశావా అని.

ఇట్లు,
కోపం తగ్గని నీ అక్క,
సుభద్ర