బావ బండికి నూనె కొలత

బావా,

నాంపల్లి వాసులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నీ మిలిటరీ మోటారుసైకిలు ముందుచక్రపు కుదుపు ఆపే గొట్టాలు రెంటిలోనూ నూనె సమంగా పోశానని ఆబిడ్స్ మిస్త్రీ ప్రకటించాడు. నేను నమ్మలేదు. ఎడమ గొట్టంలో పోసేటప్పుడే నన్ను చాయ్ తెమ్మని ఎందుకు పంపినట్టు?

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ సమాధి దాకా నీ బండి మీదే వస్తానని అక్క పట్టుబట్టింది. నూనె తగ్గితే గుంటల్లో ముందుచక్రం దడదడా కొడుతుంది, వెనక కూర్చునేది అక్క. అందుకని గాటు పెట్టిన వెదురుపుల్ల తీసి, ఇది మా బావ కొలత అని చెప్పి, రెండు గొట్టాల్లోనూ ముంచాను. నూనె సమంగానే ఉంది కానీ, గాటుకు గోరంత కిందే ఆగింది.

"బరాబర్ పోసిన భాయ్. గీ పుల్లను నమ్ముతవు, నన్ను నమ్మవా?" అన్నాడు మిస్త్రీ.

"పుల్ల నన్ను చాయ్‌కి పంపలే గద," అన్నాను.

పక్కనే నిలబడ్డ అక్క పుల్ల అందుకుని గాటు తడిమింది. "ఆయన గీడ గాటు పెట్టిండంటే గీడిదాంకనే పొయ్యి," అంది.

మిస్త్రీ గొణుగుతూ పోశాడు. సమాధి దగ్గర దిగాక అక్క, "అచ్చం ఆయన నడిపినట్టే ఉన్నది," అంది. ఇంటికి రాగానే ఆ పుల్లను నీ బైబిల్లో పెట్టి దాచుకుంది.

ఆ గాటు నీది కాదు బావా. మిస్త్రీ దొంగతనం పట్టుకుందామని, పొద్దున వంటింటి కత్తితో నేనే పెట్టాను.