శుభలేక

2025 జనవరి 18, శనివారం

మా ప్రెస్సులో కంప్యూటర్ మీద కార్డులు కొట్టే ఫరా ఇవాళ మళ్లీ 'శుభలేక' అని కొట్టింది. ఒత్తు ఖ లేదు. శుభం లేక ఏడుస్తున్నట్టుంది, పెళ్లివాళ్లు కర్ర పట్టుకొస్తారు అన్నాను. ఏంది మేష్టారూ, చదివేవాళ్లకి అర్థమైతే చాలదా అని నవ్వింది. కార్డు మీదైతే నేను దిద్దుతాను. వాట్సాప్‌లో ఆ పిల్ల కస్టమర్లకి పంపే మెసేజ్‌లు ఎవరు దిద్దుతారు? అన్నీ 'మీ శుభలేక ప్రూఫ్' అనే వెళతాయి. మా ప్రెస్సు ఓనరు శేషారత్నానికి అదేమీ పట్టదు.

నోట్‌బుక్‌లో ఎక్కించాను. తేదీ, తప్పు, ఒప్పు. రెండు వందల పన్నెండోది.

పత్రికలో ఇరవై ఆరేళ్లు ప్రూఫ్‌రీడర్ని. ఇక కంప్యూటరే దిద్దుకుంటుంది అని శాలువా కప్పి పంపేసిన మేనేజర్, కూతురి పెళ్లికార్డు మా ప్రెస్సులోనే వేయించాడు. వాళ్ల ఇంటిపేరులో తప్పు పడింది. చూశాను. వదిలేశాను.

జనవరి 20. మధ్యాహ్నం 2.10

ఫరా అన్నానికి వెళ్లింది. షాపు ఫోను నా టేబుల్ మీద ఉంది. కొత్త నంబరు నుంచి మెసేజ్: 'మీ శుభలేఖ ప్రూఫ్ జతపరిచాము. దయచేసి పరిశీలించగలరు.'

ఒత్తు ఖ! కొత్త సిమ్ తీసుకున్నానని ఫరా మొన్ననే చెప్పింది, నన్ను చూడమని దాన్నుంచి పంపినట్టుంది. మూడేళ్లకి నా మాట బుర్రకెక్కిందన్నమాట. ఫైలు తెరిచాను. ఇన్‌స్టాల్ అంది, నొక్కాను. అలౌ అంది, నొక్కాను. ఏమీ రాలేదు. ఈ ఫోన్లింతే.

ఆ పిల్లని మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే చెడిపోతారు.

జనవరి 21

పొద్దుటి నుంచి ఒకటే ఫోన్లు. మా నంబరు నుంచి కస్టమర్లందరికీ ప్రూఫ్ అని ఒక ఫైలు వెళ్లింది. మేమెవరమూ పంపలేదు. తెరిచినవాళ్ల ఓటీపీలు ఎవరికో చేరుతున్నాయట.

సత్తెనపల్లి అనసూయగారి కూతురి పెళ్లి ఇంకా పదహారు రోజులుంది. పెళ్లికని బ్యాంకులో దాచింది మొత్తం పోయింది. ఆవిడ తిట్టలేదు. మీ ప్రెస్సు పేరు చూసి తెరిచానమ్మా అని మాత్రం అందట. శేషారత్నం సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసింది, స్టేషన్లో కంప్లయింట్ ఇచ్చింది, వచ్చి కుర్చీలో కూలబడింది.

జనవరి 22

వెళ్లిన మెసేజ్ చదివాను. సోమవారం వచ్చిందే, అక్షరం మారలేదు. తెరిచింది నేనే.

జనవరి 23

రొంపిచెర్ల వాళ్లు ఆర్డరు వద్దన్నారు. ఇంకో ముగ్గురు కూడా. మీ కాడి నుంచి ఏదొచ్చినా భయమేస్తందండీ అంటున్నారు. సీజనంతా ఇలాగే ఉంటే మామగారి నాటి ప్రెస్సుకి తాళమే అంది శేషారత్నం.

తర్వాత ఫరాని నిలబెట్టింది. మెసేజ్‌లు కొట్టేది నువ్వొక్కదానివే గదే, ఇది నువ్వు కాక ఇంకెవరు కొట్టారు, నా కస్టమర్లని ఎవరికి అమ్ముకున్నావే అంది. రేపటి నుంచి రావద్దంది. ఫరా నా వైపు చూసింది.

నేను ప్రూఫ్ మీంచి తలెత్తలేదు. అందులో ఒక్క తప్పూ దొరకలేదు. చదివితే కదా.

జనవరి 24

ఫరా వాళ్ల నాన్న మౌలాలీని తీసుకుని వచ్చింది. మెకానిక్కు. చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

ఫరా ఆ మెసేజ్ శేషారత్నం ముందు పెట్టింది. చూడండి మేడం, ఒత్తు ఖ ఉంది, జతపరిచాము అంట, పరిశీలించగలరు అంట, నా జన్మలో అట్టా రాశానా, మేష్టారుని అడగండి, నా తప్పులన్నీ బుక్కులో రాసి పెట్టుకున్నాడు అంది.

ఆ పిల్లకి బుక్కు సంగతి తెలుసని నాకు తెలియదు.

నోట్‌బుక్ తీసి ఇచ్చాను. ఆ పిల్లని ఇంటికి పంపించడానికని మూడేళ్లుగా రాసిన పుస్తకం. అరవై ఒక్కసార్లు 'శుభలేక'. ఒక్కచోటా ఒత్తు లేదు. శేషారత్నం పేజీలన్నీ తిప్పి, అయితే మరి ఎవరు బాబాయ్ అంది.

పంపింది దొంగలు, తలుపు తీసింది నేను, ఒత్తు ఖ చూసి ఫరా నేర్చుకుందనుకుని సోమవారం తెరిచాను అన్నాను.

మౌలాలీ కూతురి తల మీద చెయ్యేశాడు. ఫరానే అంది: ఆ రోజే, ఇయ్యాల బాగా రాశావే అని ఒక్క మాట అనుంటే తెలిసిపోయేది గదా మేష్టారూ.

జనవరి 28

ఉద్యోగం మానేస్తానన్నాను. మానేసి ఏం చేస్తావు, బుక్కులు చదువుకుంటావా, ఈ చెడ్డపేరు పోయిందాకా కదలబాకు అంది శేషారత్నం.

మళ్లీ పనిలోకొచ్చిన ఫరా షాపు ఫోన్లో ఉన్నదంతా తుడిచేసింది, వాట్సాప్‌కి రెండో పిన్ పెట్టింది. ఇకమీదట ప్రూఫ్ ఫొటోగానే వెళుతుంది. ఇన్‌స్టాల్ అంటే అది మాది కాదు అని బోర్డు కూడా పెట్టింది. బోర్డులో రెండు తప్పులు.

నిన్న శేషారత్నంతో సత్తెనపల్లి వెళ్లాను. అనసూయగారికి జరిగింది చెప్పాను. బ్యాంకు కొంత ఆపగలిగిందట, మిగతాది తెలియదట. ఆవిడ మేం తీసుకెళ్లిన కార్డు మొదటి నుంచి చివరిదాకా చదివి, ఒక్క తప్పు లేదండీ అంది.

ఇవాళ ఫరా ఒక ఉపాయం చెప్పింది. దొంగలకి మన తప్పులు రావు, మెసేజ్‌లో 'శుభలేక' అనుంటేనే మాది అని ఆర్డరిచ్చేటప్పుడే కస్టమర్లకి చెబుదాం అంది. ఊరంతా నవ్వుతుంది అన్నాను. నవ్వనీ బాబాయ్, ఏడ్చింది చాల్లే అంది శేషారత్నం. దొంగలూ నేర్చుకుంటే అన్నాను. నెలకో తప్పు మారుద్దాం, తప్పు ఏరే పని మేష్టారుదే, బుక్కు ఉండనే ఉంది గదా అని ఫరా పకపకా నవ్వింది.

ఫిబ్రవరి 1

ఈ నెలకి: 'ఆహ్వనం'.

నేనే కొట్టాను. ప్రూఫ్ చూశాను. తప్పు సరిగ్గానే ఉంది.